పంచాంగం మీరే చూసుకోండి: తిరుపతి, చిత్తూరు వారికి తిథి నుంచి ముహూర్తం దాకా

తిరుమల ఆలయంలో ప్రతి ఉదయం తోమాల సేవ ముగిశాక స్నపన మండపంలో కొలువు జరుగుతుంది. కొలువు శ్రీనివాసమూర్తిని సింహాసనం మీద వేంచేపు చేసి ఆనాటి తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం చదివి వినిపిస్తారు. ముందురోజు హుండీ ఆదాయం లెక్కా అక్కడే విన్నవిస్తారు. నువ్వులు, బెల్లం కలిపి దంచిన పిండి నివేదన చేస్తారు. స్వామికి రోజూ వినిపించే ఆ అయిదు మాటలే పంచాంగం. మన ఇళ్లలో మాత్రం గోడకు వేలాడే పంచాంగాన్ని రాహుకాలం చూడటానికే తిప్పుతున్నాం. మిగిలిన పేజీలన్నీ పురోహితుడి సొత్తు అనుకుంటున్నాం. నాకు ఇది అనవసరమైన భయంగా తోస్తుంది. కూడికలు, భాగహారాలు వచ్చినవారు నాలుగు సాయంత్రాలు కూర్చుంటే చిన్న పనులకు రోజును తామే చూసుకోగలరు.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. పంచాంగంలో రెండు జాతుల అంకెలుంటాయి. తిథి, నక్షత్రం, యోగం, కరణం ముగిసే వేళలు ఆకాశానివి. అవి భారత కాలమానంలో తిరుపతికైనా విశాఖపట్నానికైనా ఒకటే. రాహుకాలం, యమగండం, దుర్ముహూర్తం, లగ్నం (ఆ వేళ తూర్పున ఉదయించే రాశి) మాత్రం నేలవి. మీ ఊళ్లో సూర్యుడు ఎప్పుడు ఉదయిస్తే దాన్నిబట్టి అవి కదులుతాయి. పంచాంగం విషయంలో వచ్చే తగాదాల్లో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తాయి.

ముందు పంచాంగాన్ని ఎంచుకోండి

మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. తిరుపతి 79.4 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన సూర్యుడు గడియారం కన్నా 12 నిమిషాలు వెనక నడుస్తాడు. విశాఖపట్నంతో పోలిస్తే తేడా పావుగంట. కుప్పం వెళితే తిరుపతి కన్నా ఇంకో నాలుగు నిమిషాలు ఆలస్యం. కోస్తా పట్టణానికి గణించిన పంచాంగం ఇంట్లో ఉన్నా తిథి నక్షత్రాలకు పనికొస్తుంది. లగ్నానికి మాత్రం పనికిరాదు. అట్ట లోపల, లేదా మొదటి పేజీలో ఏ ఊరికి గణించారో రాసి ఉంటుంది. అది చూశాకే డబ్బు ఇవ్వండి. ఫోను యాప్ వాడేవారు సెట్టింగులలో ఊరి పేరు సరిచూసుకోవాలి. చాలామంది ఫోన్లలో అది మొదటి రోజు నుంచీ వేరే నగరం పేరుతోనే ఉండిపోతుంది.

రెండో ప్రశ్న గణిత పద్ధతి. సూర్యసిద్ధాంతం వంటి పాత గ్రంథాల సూత్రాలతో చేసేది పూర్వ పద్ధతి. ఆకాశంలో గ్రహం నిజంగా కనిపించే చోటును పట్టుకుని చేసేది దృక్ పద్ధతి. రెండింటికీ తిథి ముగింపులో కొన్ని గంటల తేడా రావచ్చు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం దృక్ గణితం వైపే మొగ్గింది. దాని సిఫారసుతోనే 1957 మార్చి 22 నుంచి భారత జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. నా ఓటు కూడా దృక్‌కే. గ్రహణం పట్టే వేళకు ఆకాశాన్ని నమ్మి, తిథికి మాత్రం నమ్మననడం పొసగదు. అయితే ఇంటి వ్రతాలకు, తద్దినాలకు మీ కుటుంబ పురోహితుడు ఏది వాడితే అదే వాడండి. రెండు పంచాంగాలు పక్కపక్కన పెట్టుకుని నచ్చిన అంకె ఏరుకోవడం కన్నా, ఏదో ఒకదాన్ని ఏడాది పొడవునా పట్టుకోవడం మేలు.

పొడి అక్షరాలను విప్పండి

దినఫలం గడిలో ఉ., ప., సా., రా., తె. అని కనిపిస్తాయి. మొదటి నాలుగూ ఉదయం, పగలు, సాయంత్రం, రాత్రి. చిక్కంతా ‘తె.’తోనే. అంటే తెల్లవారుజామున. పంచాంగంలో రోజు అర్ధరాత్రి మారదు, సూర్యోదయంతో మారుతుంది. మంగళవారం గడిలో ‘తె. 3.20’ అని ఉంటే గడియారం ప్రకారం అది బుధవారం వేకువ. పుట్టినరోజు నక్షత్రం తప్పుగా రాసుకోవడానికి ఎక్కువగా ఇదే కారణం. వేకువన పుట్టిన బిడ్డకు ఇంగ్లీషు తేదీ గడి చూడకూడదు. అంతకు ముందు గడి చూడాలి.

వేళ పక్కన ‘ల’ అంటే లగాయతు, ‘వ’ అంటే వరకు. ‘వ. ఉ. 9.10ల 10.46వ’ అంటే వర్జ్యం (శుభపనులకు వదిలేయాల్సిన వేళ) ఉదయం 9.10 నుంచి 10.46 వరకు. ‘శే.వ.’ శేషవర్జ్యం, అంటే ముందురోజు మొదలై సూర్యోదయం తరువాత మిగిలిన ముక్క. ‘దు.’ దుర్ముహూర్తం. ‘శు.’ శుక్లపక్షం, ‘బ.’ బహుళపక్షం.

కొన్ని పంచాంగాలు ఇప్పటికీ గంటలకు బదులు ఘడియలు, విఘడియలు ఇస్తాయి. ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు, రోజుకు 60 ఘడియలు. అన్నీ సూర్యోదయం నుంచి లెక్క. ‘దశమి 32-15’ అని ఉందనుకోండి. 32 ఘడియలు 768 నిమిషాలు, 15 విఘడియలు 6 నిమిషాలు. మొత్తం 12 గంటల 54 నిమిషాలు. ఆ రోజు సూర్యోదయం 6.10 అయితే దశమి రాత్రి 7.04కు ముగుస్తుంది.

తిథి: ఏ పనికి ఏ వేళ తిథి?

సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. అలా 30 తిథులకు మాసం పూర్తవుతుంది. చంద్రుడి వేగం ఒకేలా ఉండదు కాబట్టి తిథి సుమారు 20 గంటల నుంచి దాదాపు 27 గంటల దాకా సాగుతుంది. పంచాంగం రోజేమో సూర్యోదయం నుంచి సూర్యోదయానికి. ఈ రెండూ కలవకపోవడంలోనే పంచాంగం రుచి, చికాకు కూడా ఉన్నాయి. ఒక్కోసారి ఒకే తిథి రెండు సూర్యోదయాలను తాకుతుంది. దాన్ని వృద్ధి అంటారు. ఒక్కోసారి ఏ సూర్యోదయాన్నీ తాకకుండా మధ్యలోనే పుట్టి ముగిసిపోతుంది. అది క్షయం.

2026 ఉగాది దీనికి చక్కటి ఉదాహరణ. మార్చి 19 ఉదయం 7 గంటలకు కాస్త ముందు అమావాస్య ముగిసి పాడ్యమి మొదలవుతుంది. ఆ రోజు తిరుపతిలో సూర్యోదయం సుమారు 6.17. అంటే సూర్యోదయానికి ఇంకా అమావాస్యే. 20వ తేదీ తెల్లవారుజామున 5 లోపే పాడ్యమి ముగిసిపోతుంది కాబట్టి ఆనాటి సూర్యోదయానికి విదియ. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ సూర్యోదయానికీ అందదు. అయినా ఉగాది లేకుండా పోదు. క్షయమైన పాడ్యమి నడిచేది 19నే కాబట్టి పరాభవ నామ సంవత్సరం ఆ రోజే మొదలు.

మామూలు పనులకు సూర్యోదయ వేళకున్న తిథిని ఆ రోజు తిథిగా లెక్కిస్తారు. పండుగలకు ఇది చాలదు. ఏ పండుగకు ఏ వేళ ముఖ్యమో ఆ వేళకు తిథి ఉండాలి. వినాయక చవితికి, శ్రీరామనవమికి మధ్యాహ్నం. దీపావళికి ప్రదోషం, అంటే సూర్యాస్తమయం తరువాతి వేళ. మహాశివరాత్రికి అర్ధరాత్రి. శ్రీకాళహస్తిలో లింగోద్భవ దర్శనానికి జనం అర్ధరాత్రి దాకా మేలుకుని ఉండేది అందుకే. తద్దినానికి అపరాహ్ణం, అంటే పగటిని అయిదు భాగాలు చేస్తే వచ్చే నాలుగో భాగం.

2025లో అమావాస్య అక్టోబరు 20 మధ్యాహ్నం మూడున్నర దాటాక మొదలై మర్నాడు సాయంత్రం ముగిసింది. 21న సూర్యోదయానికి అమావాస్య ఉంది కదా, పండుగ 20న ఎందుకు అని చాలామంది అడిగారు. దీపం వెలిగించే వేళకు నిండుగా అమావాస్య ఉన్నది 20వ తేదీ రాత్రే. జవాబు అంతే. ఇకమీదట మీ వీధిలో ఇలాంటి వాదన వస్తే ‘తిథి ఎప్పుడు?’ అని కాకుండా ‘ఈ పండుగకు ఏ వేళ ప్రధానం?’ అని అడగండి. వాదన అక్కడితో ఆగుతుంది, లేదా కనీసం దారిలో పడుతుంది.

ఏకాదశి సంగతి వేరు. స్మార్తులకు, వైష్ణవులకు కొన్నిసార్లు వేర్వేరు రోజులు వస్తాయి. అరుణోదయానికి, అంటే సూర్యోదయానికి ముందు వేళకు, దశమి మిగిలి ఉంటే వైష్ణవులు ఆ ఏకాదశిని వదిలి మర్నాడు ఉపవాసం ఉంటారు. పంచాంగంలో రెండూ రాసి ఉంటాయి. మీ ఇంటి ఆచారం ఏదో పెద్దలను అడిగి గుర్తు పెట్టుకోండి.

మాసం: చంద్రుడిదీ, సూర్యుడిదీ

మనవి అమావాస్యతో ముగిసే చాంద్రమాసాలు. పున్నమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో దాదాపు ఆ పేరే మాసానిది. చిత్తకు చైత్రం, విశాఖకు వైశాఖం, కృత్తికకు కార్తికం. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులే కాబట్టి సౌర సంవత్సరం కన్నా ఏటా సుమారు 11 రోజులు తగ్గుతుంది. ఆ లోటును అధికమాసం పూడుస్తుంది. నియమం సరళం: రెండు అమావాస్యల మధ్య సూర్యుడు రాశి మారకపోతే ఆ మాసం అధికం. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. జూన్ 15 ఉదయం అమావాస్య ముగుస్తుంది, సూర్యుడు మిథునంలోకి వెళ్లేది అదే రోజు మధ్యాహ్నం. కొద్ది గంటల తేడాతో ఆ మాసం సంక్రమణం లేకుండా మిగిలిపోతుంది.

మన ప్రాంతంలో సౌరమాసాన్ని కూడా తెలుసుకోక తప్పదు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఒకే ఇంట్లో తెలుగు పంచాంగం ఒక గోడకు, తమిళ దినసరి క్యాలెండరు ఇంకో గోడకు ఉంటాయి. ఆడికృత్తికకు కావడి ఎత్తేవారు, పెరటాసి శనివారాలు పాటించేవారు సూర్యుడి నెలనే లెక్కిస్తారు. పెరటాసి అంటే సూర్యుడు కన్యారాశిలో ఉండే నెల, సుమారుగా సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. ఆ శనివారాల్లో కొండమీద రద్దీ ఎలా ఉంటుందో తిరుపతి వాళ్లకు చెప్పనక్కరలేదు. శ్రీవారి బ్రహ్మోత్సవాలు కూడా కన్యామాసంలోని శ్రవణ నక్షత్రం నాటికి చక్రస్నానం వచ్చేలా జరుగుతాయి. అధికమాసం వచ్చిన ఏడు ఆ శ్రవణం దసరా నవరాత్రుల నుంచి విడిపోతుంది. అప్పుడు రెండు బ్రహ్మోత్సవాలు చేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చినప్పుడు సాలకట్ల (ఏటా జరిగే) బ్రహ్మోత్సవాలు సెప్టెంబరు 18 నుంచి 26 వరకు, నవరాత్రి బ్రహ్మోత్సవాలు అక్టోబరు 15 నుంచి 23 వరకు జరిగాయి. ధనుర్మాసం కూడా సూర్యుడిదే. ఆ నెలంతా తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తుంది. వైకుంఠ ఏకాదశి మాత్రం సూర్యుడి నెలలో చంద్రుడి తిథి. అందుకే తెలుగు మాసం పేరుతో దాన్ని వెతికితే ఒక్కో ఏడు ఒక్కో పేరు కింద దొరుకుతుంది.

అమావాస్య దగ్గర రెండు ఆచారాలూ ఢీకొంటాయి. తమిళ కుటుంబాల్లో చాలామందికి అమావాస్య కొత్త పనికి మంచి రోజు. తెలుగు ఇళ్లలో శుభకార్యానికి దాన్ని దాటేస్తారు. వియ్యం అందుకున్న ఇళ్లలో ఇది ముందే మాట్లాడుకుంటే మంచిది.

నక్షత్రం, తారాబలం

చంద్రుడు ఆకాశమంతా చుట్టి రావడానికి 27.3 రోజులు. ఆ దారిని 27 భాగాలు చేస్తే ఒక్కో నక్షత్రం 13 డిగ్రీల 20 నిమిషాలు. మీకు ఆ రోజు పనికొస్తుందా లేదా అన్నది ఇక్కడ తేలుతుంది. మిగతావి చాలావరకు ఊరందరికీ ఒకటే, తారాబలం మీకు సొంతం.

మీ జన్మనక్షత్రాన్ని ఒకటిగా మొదలుపెట్టి ఆనాటి నక్షత్రం దాకా లెక్కించండి. తొమ్మిది దాటితే తొమ్మిదులు తీసేయండి. మిగిలిన అంకెకు పేర్లు ఇవి: 1 జన్మ, 2 సంపత్, 3 విపత్, 4 క్షేమ, 5 ప్రత్యక్, 6 సాధన, 7 నైధన, 8 మిత్ర, 9 పరమమిత్ర. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, తొమ్మిది మంచివి. మూడు, అయిదు, ఏడు వదిలేయాలి. జన్మతారను కొన్ని పనులకు ఒప్పుకుంటారు, కొన్నింటికి ఒప్పుకోరు.

జన్మనక్షత్రం తెలియకపోతే పేరులోని మొదటి అక్షరంతో నామనక్షత్రం చూస్తారు. చూ, చే, చో, లా అంటే అశ్విని. ఆ పట్టిక పంచాంగంలోనే ఉంటుంది. దానితో పాటు చంద్రబలం కూడా చూడండి. మీ జన్మరాశి (పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి) నుంచి ఆనాటి చంద్రుడున్న రాశి ఎనిమిదోది అయితే అష్టమ చంద్రుడు. రెండుంపావు రోజుల్లో దాటిపోతాడు, ఆగడం తేలికే.

వర్జ్యం కూడా నక్షత్రంలోంచే వస్తుంది. ప్రతి నక్షత్రానికీ ఒక విషఘడియ చెప్పారు. అశ్వినికి 50, రోహిణికి 40, శ్రవణానికి 10, రేవతికి 30. నక్షత్రం మొత్తం కాలాన్ని 60 భాగాలు చేసి, అన్ని భాగాలు గడిచాక నాలుగు భాగాల సేపు వర్జ్యం. శ్రవణం సరిగ్గా 24 గంటలు ఉంటే, మొదలైన నాలుగు గంటలకు వర్జ్యం వస్తుంది, గంటా 36 నిమిషాలు ఉంటుంది. ఇది ఆకాశపు లెక్క కాబట్టి ఊరు మారినా మారదు.

యోగం, కరణం

వీటి దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. సూర్యచంద్రుల స్థానాలను కూడితే వచ్చేది యోగం, 27 ఉన్నాయి. శుభకార్యాలకు వ్యతీపాతం, వైధృతి రెండూ పూర్తిగా వదిలేయాలి. తిథిలో సగం కరణం. అందులో విష్టి కరణాన్ని, అంటే భద్రను, తప్పించండి. నెలకు ఎనిమిది సార్లు వస్తుంది. మిగతావి పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు అవసరపడతాయి.

నేల లెక్కలు: రాహుకాలం సోమవారం 7.30కే మొదలవుతుందా?

క్యాలెండరులో అచ్చయ్యే 7.30–9.00 సూర్యుడు సరిగ్గా ఆరుకు ఉదయించి ఆరుకు అస్తమించే ఊరిది. తిరుపతిలో అలాంటి రోజు దాదాపు ఉండదు. అసలు పద్ధతి ఇది: సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా నిమిషాలు లెక్కించి ఎనిమిదితో భాగించండి. రాహుకాలం సోమవారం రెండో భాగం, శనివారం మూడు, శుక్రవారం నాలుగు, బుధవారం అయిదు, గురువారం ఆరు, మంగళవారం ఏడు, ఆదివారం ఎనిమిది. యమగండం ఇంకా తేలిక: గురువారం ఒకటో భాగంతో మొదలుపెట్టి వారాలను వెనక్కి లెక్కించండి. బుధ రెండు, మంగళ మూడు, సోమ నాలుగు, ఆది అయిదు, శని ఆరు, శుక్ర ఏడు. గుళిక కాలం శనివారం ఒకటో భాగం, శుక్రవారం రెండు, అలా వెనక్కి వెళుతూ ఆదివారానికి ఏడు.

డిసెంబరు 21 ప్రాంతంలో తిరుపతిలో సూర్యోదయం 6.30, అస్తమయం 5.50. పగలు 680 నిమిషాలు, భాగం 85. సోమవారం రాహుకాలం 7.55 నుంచి 9.20 వరకు. జూన్ 21 ప్రాంతంలో సూర్యోదయం 5.45, అస్తమయం 6.40. భాగం 97 నిమిషాలు. సోమవారం రాహుకాలం 7.22 నుంచి 8.59. చలికాలంలో తొమ్మిది కొట్టగానే రాహుకాలం పోయిందని బయలుదేరేవారు నిజానికి దాని నడుమ బయలుదేరుతున్నారు.

రాహుకాలం అంటే అందరూ తప్పించుకునేదే అనుకోకండి. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజకు జనం ఆ వేళనే వెతుక్కుంటారు. గుళిక కాలంలో చేసిన పని మళ్లీ మళ్లీ జరుగుతుందన్న నమ్మకంతో కొనుగోళ్లకు దాన్ని కోరుకునేవారూ ఉన్నారు. అశుభ కర్మలకు మాత్రం ఆ వేళను వదిలేస్తారు.

దుర్ముహూర్తానికి పగటిని పదిహేనుతో భాగించాలి. సగటున 48 నిమిషాల ముహూర్తం. ఆదివారం 14వది, సోమవారం 9, 12, మంగళవారం పగలు 4వది, రాత్రి 7వది, బుధవారం 8, గురువారం 6, 12, శుక్రవారం 4, 9, శనివారం 1, 2. నడిమి ముహూర్తమైన ఎనిమిదోది అభిజిత్తు. వేరే ఏదీ కుదరనప్పుడు అందరూ ఆశ్రయించేది అదే. బుధవారం మాత్రం అదే దుర్ముహూర్తం కాబట్టి ఆ రోజు అభిజిత్తు లేదు. తిరుపతిలో నడిమధ్యాహ్నం గడియారపు 12 కాదు, సగటున 12.12 అన్నది ఇక్కడా గుర్తుంచుకోండి.

తమిళ క్యాలెండరులో కనిపించే ‘నల్ల నేరం’ గౌరీ పంచాంగానిది. పద్ధతి వేరు. రెండింటినీ కలిపి వడకడితే రోజులో మీకు ఏమీ మిగలదు.

అన్నీ కలిపి ఒక రోజు

మార్గశిర శుద్ధ దశమి, గురువారం, రేవతి. డిసెంబరు రెండో వారం. చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్లి కొత్త బండికి పూజ చేయించాలి. ఇది ఊహించిన రోజే, అంకెలు మాత్రం ఆ కాలానికి సరిపడేవి. తిరుపతి సూర్యోదయం 6.25, అస్తమయం 5.46 తీసుకుంటున్నాను. చిత్తూరుకు తేడా ఒకటి రెండు నిమిషాలే.

తిథి: దశమి సాయంత్రం 5 దాకా ఉంది. మంచిది. నక్షత్రం: రేవతి బుధవారం రాత్రి 11 నుంచి గురువారం రాత్రి 11 దాకా. వాహనానికి రేవతి బాగుంటుంది. వర్జ్యం 30 ఘడియల తరువాత, అంటే పగలు 11.00 నుంచి 12.36. యోగం: వ్యతీపాతం తెల్లవారకముందే ముగిసి వరీయాన్ నడుస్తోంది. కరణం గరజి, భద్ర కాదు.

బండి ఎవరి పేరున ఉందో వారిది స్వాతి అనుకుందాం. స్వాతి నుంచి రేవతి 13. తొమ్మిది తీస్తే నాలుగు, క్షేమతార. స్వాతిది తులారాశి, రేవతిది మీనం. తుల నుంచి మీనం ఆరోది, చంద్రబలం ఉంది. అదే యజమానిది చిత్త అయితే 14, మిగిలేది అయిదు, ప్రత్యక్ తార. అప్పుడు ఈ రోజును వదిలి ఇంకోటి వెతకాలి.

ఇక వేళ. యమగండం 6.25 నుంచి 7.50. రాహుకాలం 1.30 నుంచి 2.55. దుర్ముహూర్తం ఆరోది, 10.12 నుంచి 10.57. లగ్నాలు: సుమారు 6.40 దాకా వృశ్చికం, 8.50 దాకా ధనుస్సు, 10.40 దాకా మకరం.

చివరిగా పంచకం, అంటే ఎంచుకున్న లగ్నానికి దోషం ఉందో లేదో చూసే లెక్క. పాడ్యమి నుంచి తిథి సంఖ్య, ఆదివారం నుంచి వార సంఖ్య, అశ్విని నుంచి నక్షత్ర సంఖ్య, మేషం నుంచి లగ్న సంఖ్య కూడి తొమ్మిదితో భాగించండి. శేషం 1 మృత్యు, 2 అగ్ని, 4 రాజ, 6 చోర, 8 రోగ పంచకం. 3, 5, 7, సున్నా వస్తే పంచకరహితం. మనకు 10, 5, 27 కలిపి 42. ధనుస్సు తొమ్మిది కలిపితే 51, శేషం ఆరు, చోర పంచకం. కొత్త బండికి అసలే వద్దు. మకరం పది కలిపితే 52, శేషం ఏడు. బాగుంది. పైగా మకరం చరలగ్నం, అంటే కదిలే స్వభావం ఉన్న లగ్నం, ప్రయాణానికీ వాహనానికీ నప్పుతుంది.

కాబట్టి 8.50 నుంచి 10.12 వరకు మీ వేళ. 9.15 నుంచి గుళిక కాలం. దాన్ని తప్పించే ఇల్లయితే 8.50 నుంచి 9.15 లోపే కొబ్బరికాయ కొట్టాలి. గురువారం దక్షిణానికి వారశూల, అంటే ఆ రోజు ఆ దిక్కుకు ప్రయాణం వద్దంటారు. చిత్తూరు నుంచి కాణిపాకం ఉత్తరం వైపు కాబట్టి అడ్డు లేదు. తిరుపతి నుంచి వచ్చేవారికి మాత్రం నైరుతి దిక్కు ప్రయాణం, వారి ఇంటి పట్టింపును బట్టి ఉంటుంది.

ఇంత చేశాక ఒక నిజం మీకే కనిపిస్తుంది. ఏ దోషమూ లేని రోజు పంచాంగంలో దొరకదు. అందుకని ముందు తారాబలం, తరువాత తిథి, ఆ తరువాత వర్జ్యం, దుర్ముహూర్తం, లగ్నం. ఈ వరసలో వడకట్టుకోండి. రాహుకాలం తెలుగువారికి ప్రయాణం, కొనుగోళ్ల దగ్గర పట్టింపు. పాత ముహూర్త పద్ధతిలో దుర్ముహూర్తానికి, వర్జ్యానికి ఉన్న బరువు దానికి లేదు. ఇప్పుడు మాత్రం అది మిగతావాటి నెత్తికెక్కి కూర్చుంది.

మీరు పెట్టకూడని ముహూర్తాలు

పెళ్లి, ఉపనయనం, గృహప్రవేశం సిద్ధాంతికి వదిలేయండి. వాటికి లగ్నం నుంచి ఏడో ఇల్లు, ఎనిమిదో ఇల్లు శుద్ధిగా ఉండాలి, నవాంశ (రాశిలో తొమ్మిదో వంతు) చూడాలి. సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి గురుడు గానీ శుక్రుడు గానీ కనిపించకుండా పోయే మూఢాన్ని చూడాలి. గురుడికి సుమారు 11 డిగ్రీలు, శుక్రుడికి వక్రగతిని బట్టి 8 లేదా 10 డిగ్రీల లోపు వస్తే మూఢమే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. అధికమాసమూ పెళ్లికి పనికిరాదు. తిరుమలలో గానీ కింద తిరుపతిలో గానీ పెళ్లి అనుకునేవారు మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో పంచాంగం మొదటి పేజీల్లోనే చూసి రాసుకోండి. అది ముగిసిన మొదటి వారాల్లో కల్యాణ మండపాలు దొరకవు.

సిద్ధాంతి దగ్గరకు వెళ్లేటప్పుడు వధూవరుల జన్మనక్షత్రం పాదంతో సహా, పుట్టిన తేదీ, వేళ, ఊరు, పెళ్లి జరిగే ఊరు కాగితం మీద రాసి తీసుకెళ్లండి. పెళ్లి జరిగే ఊరు చెప్పడం చాలామంది మరిచిపోతారు. లగ్నం కట్టేది దానికే.